సీడీ పెడితే ‘ట్రాక్ 01’ అని వస్తోందా? అట్ట ఎదురుగా పెట్టుకుని ఎక్కించండి

నమస్కారమండీ. మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. గుంటూరు బ్రాడీపేటలో మీ ఇంట్లో నాన్నగారు కూడబెట్టిన సీడీలు మూడు వందల దాకా ఉన్నాయి. పాత సినిమా పాటలు, కర్ణాటక సంగీతం, హరికథలు, కొన్ని ఎవరో రాసిచ్చిన సీడీలు. కంప్యూటర్‌లో పెడితే సగం వాటికి ‘ట్రాక్ 01, ట్రాక్ 02’ అని మాత్రమే వస్తోంది. కొన్నింటికి పేర్లు వస్తున్నాయి గానీ అవి వేరే సినిమావి, రెండు సినిమాల పాటలున్న సీడీ ఒకటి కూడా అలాగే ఉంది. ఒక హరికథ సీడీకైతే ఏదో ఇంగ్లీషు ఆల్బం పేరు వచ్చింది. అన్నీ సరైన పేర్లతో, వీలైతే తెలుగులో, ఎలా ఎక్కించాలి అని.

ముందు జవాబు. పేర్ల కోసం ఇంటర్నెట్ మీద ఆధారపడకండి, సీడీ అట్ట మీద ఆధారపడండి. పేర్లన్నీ మీ చేత్తో సరిచేశాకే ఎక్కించడం మొదలుపెట్టండి. విండోస్ కంప్యూటర్ అయితే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, సొంత వాడకానికి ఉచితం. మ్యాక్ అయితే ఎక్స్‌ఎల్‌డీ, లినక్స్ అయితే విప్పర్. ధ్వని ఏమీ పోని ఫ్లాక్ ఫార్మాట్‌లో ఎక్కించండి. పేర్లతో కలిపి ఒక్కో సీడీకి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. రోజుకు ఐదు చేస్తే మీ మూడు వందలూ రెండు నెలల్లో అయిపోతాయి. ఇంతకంటే దగ్గరదారి వెతికి దెబ్బతిన్నవాళ్లను చాలామందిని చూశాను, నేనూ ఒకసారి తిన్నాను.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను. బీసెంట్ రోడ్డు దగ్గర ఇరవై ఏళ్లకు పైగా క్యాసెట్లు, సీడీల కొట్టు నడిపాను. కొట్టు తీసేశాక, పాత గిరాకీల ఇళ్లలో ఉన్న సీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇవ్వడమే పనిగా పెట్టుకున్నాను. ఇక్కడ చెప్పేదంతా ఆ పనిలో నేర్చుకున్నదే.

అసలు పేర్లు ఎందుకు రావో తెలిస్తే మిగతాది తేలిక. మామూలు పాటల సీడీలో పాటల పేర్లు ఉండవండీ. సోనీ, ఫిలిప్స్ కలిసి 1980లో ఈ పద్ధతి రాసుకున్నప్పుడు, సీడీలో ధ్వని, ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక, ఈ రెండే ముఖ్యం అనుకున్నారు. పేర్ల కోసం సీడీ-టెక్స్ట్ అని తర్వాత ఒకటి తెచ్చారు గానీ, మన తెలుగు సీడీల్లో అది ఉన్నవి నాకు చాలా అరుదుగా తగిలాయి. పైగా అందులో తెలుగు లిపికి చోటే లేదు.

మరి కొన్ని సీడీలకు పేర్లు ఎలా వస్తున్నాయి? మీ కంప్యూటర్ ఆ పట్టికను చూసి, పాటల నిడివుల నుంచి ఒక గుర్తింపు సంఖ్య కట్టి, ‘ఈ సంఖ్య ఉన్న సీడీ మీ దగ్గర ఉందా’ అని ఇంటర్నెట్‌లో ఒక జాబితాను అడుగుతుంది. పాట వినదు, గొంతు గుర్తుపట్టదు. ఆ జాబితాలో పేర్లు రాసింది ఎక్కడో కూర్చున్న మీలాంటి, నాలాంటి వాళ్లే. 1993లో మొదలైన సీడీడీబీ అనే జాబితా ఈ దారి వేసింది. తర్వాత అందరూ వాడిన ఫ్రీడీబీ 2020లో మూతపడింది. పాత సాఫ్ట్‌వేర్లు ఇంకా ఆ మూసిన తలుపే తడుతుంటాయి, అందుకే మీకు సగానికి సగం ఖాళీగా వస్తూ ఉండొచ్చు. ఆ పాత సమాచారంతోనే ఇప్పుడు జీఎన్‌యూడీబీ నడుస్తోంది. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఆ చిరునామా మార్చుకుంటే కొన్నింటికైనా పేర్లు వస్తాయి.

మీ హరికథ సీడీకి ఇంగ్లీషు ఆల్బం పేరు రావడంలో వింతేమీ లేదు. ఫ్రీడీబీ సంఖ్యలో ఉండేవి మూడే: మొత్తం నిడివి ఎన్ని సెకన్లు, ఎన్ని ట్రాకులు, పాటలు మొదలయ్యే సమయాల అంకెలు కూడి 255తో భాగిస్తే మిగిలే శేషం. హరికథను చాలాసార్లు ఒకే ట్రాకుగా వేస్తారు. ఒకే ట్రాకున్న సీడీ ఏదైనా మొదలయ్యేది రెండో సెకను దగ్గరే, కాబట్టి ఆ శేషం అందరికీ ఒకటే. అంటే గంటా రెండు నిమిషాల హరికథకూ, సరిగ్గా అంతే నిడివి ఉన్న ఎవరి ఒంటి ట్రాకు సీడీకైనా ఒకే సంఖ్య వస్తుంది. మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఇంకో జాబితా సెకనులో 75వ వంతు వరకూ లెక్క చూస్తుంది కాబట్టి అందులో ఇలాంటి పొరపాటు బాగా తక్కువ. కానీ తెలుగు సీడీలు అందులో ఉన్నవే కొద్ది.

మొదలుపెట్టే ముందు ఒక ప్రమాదం గురించి చెప్పాలి. సీడీని విండోస్‌లో తెరిస్తే పాటకొకటి చొప్పున ‘.సీడీఏ’ అనే ఫైళ్లు కనిపిస్తాయి. అవి పాటలు కావు. ఒక్కోటి 44 బైట్లే ఉంటుంది, పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే చీటీ లాంటిది. గుంటూరు లక్ష్మీపురం నుంచి ఒకాయన నాకు ఫోన్ చేశారు. అరవై సీడీల్లోని ఆ ఫైళ్లను ఓపిగ్గా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, పని అయిపోయిందనుకుని సీడీలన్నీ పాత సామాన్లవాడికి వేసేశారు. నేను పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే అన్నీ కలిపి ఒక్క పాట పల్లవికి కూడా సరిపోవు. వాటిలో వాళ్లమ్మగారి గురువుగారి కచేరీ ఒకటి ఉందట, ఇంకెక్కడా దొరకనిది. ఫోన్‌లో ఆయన మాట్లాడిన గొంతు నాకింకా గుర్తుంది. ఎక్కించాక ఒకటికి రెండుసార్లు విని చూసుకునేదాకా ఒక్క సీడీ కూడా ఇల్లు దాటనీయకండి.

దీనికి మినహాయింపు ఎంపీ3 సీడీలు. అట్ట మీద ‘100 పాటలు’, ‘150 పాటలు’ అని ఉంటే అది పాటల సీడీ కాదు, ఫైళ్ల సీడీ. దాన్ని మామూలుగా కాపీ చేసుకుంటే చాలు, ఎక్కించే పని లేదు. పేర్లు మాత్రం చూసి సరిచేసుకోవాలి.

ఇక నా సొంత దెబ్బ. మన దగ్గర ఒకే సీడీలో రెండు సినిమాల పాటలు వేయడం మామూలు. క్యాసెట్ రోజుల్లో ఏ వైపు ఒక సినిమా, బీ వైపు ఇంకో సినిమా ఉండేది, అదే అలవాటు సీడీకీ వచ్చింది. పటమటలో ఒకావిడకు 140 సీడీలు ఎక్కించి ఇచ్చాను. తొందరలో జాబితా నుంచి వచ్చిన పేర్లను అలాగే ఉంచేశాను. అందులో ఎవరో రెండు సినిమాలనూ తారుమారు చేసి రాశారు. మంచం మీదున్న వాళ్లమ్మగారు పలానా పాట పెట్టమంటే ఇంకో పాట వచ్చిందట. ‘పేరొకటి, పాటొకటి వస్తోందండీ’ అని ఆవిడ మెల్లగానే చెప్పారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. మొత్తం 140 సీడీలనూ వెనక్కి తెచ్చుకుని, ప్రతి పాటా పది సెకన్లు విని సరిచేశాను. డబ్బు తీసుకోలేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పాటకూ శీర్షిక, ఆల్బం, వ్యాఖ్య లాంటి గడులు ఉంటాయి, పేర్లు రాసేది వాటిలోనే. రెండు సినిమాల సీడీ అయితే ఆల్బం అన్నచోట సీడీ పేరు కాదు, ఏ పాటకు ఆ సినిమా పేరు రాస్తాను. రెండో సినిమా పాటలకు మళ్లీ ఒకటి నుంచి అంకెలు వేస్తాను. వ్యాఖ్య అన్నచోట సీడీ పేరు, అసలు ట్రాకు అంకె రాసిపెడతాను, రేపు ఎవరికైనా సందేహం వస్తే సీడీని వెతికి పట్టుకోవచ్చు. పేర్లు టైపు చేశాక మొదటి పాట, మధ్య పాట, చివరి పాట పదేసి సెకన్లు వింటాను. అట్టలో కూడా వరుస తప్పు ఉంటుంది, అది నేను చాలాసార్లు చూశాను. చెవి చెప్పిందే చివరి మాట.

పేర్ల విషయంలో మొదటి సీడీ పెట్టకముందే ఒక నోటుపుస్తకంలో మీ నియమాలు రాసుకోండి. నూరో సీడీ దగ్గర మనసు మార్చుకుంటే వెనక్కి వెళ్లి తొంభై తొమ్మిదీ దిద్దాలి.

సినిమా పాటలకు నేను ఇలా పెడతాను: శీర్షికలో పల్లవి మొదటి మాటలు, ఆల్బంలో సినిమా పేరు, కళాకారుల చోట గాయనీ గాయకులు, స్వరకర్త చోట సంగీత దర్శకుడు, గీత రచయిత చోట పాట రాసినవారు. ఆల్బం కళాకారుడు అని ఇంకో గడి ఉంటుంది, చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. అలా వదిలితే ఒక సినిమాలో నలుగురు పాడారనుకోండి, ప్లేయర్ ఆ సినిమాను నాలుగు ముక్కలు చేసి నాలుగు ఆల్బంలుగా చూపిస్తుంది. అక్కడ అన్ని పాటలకూ సంగీత దర్శకుడి పేరు ఒకేలా రాయండి, సినిమా ఒకచోట ఉంటుంది.

పేరు ఒకేలా రాయడం ఎంత ముఖ్యమో చెప్పలేను. సాలూరి రాజేశ్వరరావు, సాలూరు రాజేశ్వరరావు, ఎస్. రాజేశ్వరరావు: మూడూ మనకు ఒక్కరే, కంప్యూటర్‌కు ముగ్గురు. బాలసుబ్రహ్మణ్యం గారి పేరైతే ‘హ్మ’ తో ఒకటి, ‘మ’ తో ఒకటి, ‘బాలు’ అని ఒకటి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ మన విజయవాడ ఆకాశవాణిలో, సంగీత కళాశాలలో పనిచేసిన మనిషి. ఒక ఇంట్లో ఆయన పేరు ఐదు రకాలుగా ఉండటం చూశాను. నోటుపుస్తకంలో ఒక్కొక్కరికి ఒక్క రూపమే రాసుకోండి, దాన్నే ప్రతిసారీ అతికించండి.

తెలుగులో టైపు చేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ‘రాజ్‌కుమార్’ లాంటి మాటలో పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం పడుతుంది, అది లేకపోతే పక్క అక్షరం ఒత్తుగా మారిపోతుంది. పొల్లుతో ముగిసే పేరు చివర కూడా కొన్ని కీబోర్డులు ఆ కనపడనిదాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. అప్పుడు చూడటానికి రెండు పేర్లూ అచ్చంగా ఒకేలా ఉంటాయి గానీ జాబితాలో విడివిడిగా వస్తాయి. ఇది తెలియక నేను ఒక రోజంతా పోగొట్టుకున్నాను. అలాంటప్పుడు రెండోదాన్ని పూర్తిగా తుడిచి, మొదటిదాన్నే అతికించండి. ఇలా ఒకేసారి వందల పాటలకు దిద్దడానికి ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగుంటుంది, పేరు అలా ఉన్నా ఫ్లాక్‌నూ దిద్దుతుంది.

సంవత్సరం దగ్గర జాగ్రత్త. ఘంటసాల గారు 1974లో పోయారు. సీడీలు బజారులోకి వచ్చిందే 1982లో. కాబట్టి ఆయన పాట పక్కన 1999 అని కనిపిస్తే అది సీడీ అచ్చయిన ఏడు, పాట పుట్టిన ఏడు కాదు. నేను సినిమా విడుదలైన సంవత్సరమే రాస్తాను, సీడీ సంవత్సరం వ్యాఖ్యలో పెడతాను. నాన్నగారు పాటలను కాలక్రమంలో వినాలనుకుంటే అప్పుడే కుదురుతుంది.

కర్ణాటక సంగీతానికి సినిమా లెక్క పనికిరాదు. అక్కడ శీర్షికలో కృతి పేరు, పక్కనే రాగం, తాళం రాస్తాను. కళాకారుడు పాడినవారు, స్వరకర్త ఆ కృతి కట్టిన త్యాగరాజస్వామి లాంటివారు. పక్కవాద్యాలవాళ్ల పేర్లు వదిలేయకండి, అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి, వయొలిన్, మృదంగం ఎవరో వ్యాఖ్యలో రాయండి. ఫ్లాక్‌లో మనకు కావలసిన పేరుతో కొత్త గడి పెట్టుకోవచ్చు, ‘రాగం’ అని ఒక గడి పెడితే కల్యాణి కృతులన్నీ ఒక్కచోటికి వస్తాయి. అన్నమయ్య కీర్తనలు వేరు. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. మనం వినే వరసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటి తర్వాతివాళ్లు కట్టినవి. కాబట్టి రచన అన్నచోట అన్నమాచార్యులు, స్వరకర్త చోట అట్ట మీద ఉంటే వరస కట్టినవారి పేరు. వాళ్ల కష్టం అలా నిలబడుతుంది.

కచేరీ సీడీల్లో ఆలాపన ఒక ట్రాకు, కృతి ఇంకో ట్రాకుగా ఉంటాయి, మధ్యలో ఆగకుండా సాగుతుంది. ఎంపీ3లో ఎక్కిస్తే చాలా ప్లేయర్లలో ఆ అతుకు దగ్గర చిన్నగా తెగినట్టు వినిపిస్తుంది. అరండల్‌పేటలో ఒక మాస్టారు దాన్ని మొదటి నిమిషంలోనే పట్టేశారు. ఫ్లాక్‌తో ఆ బాధ దాదాపు ఉండదు.

ఫ్లాక్ ఎందుకంటే అందులో ధ్వని ఏమీ పోదు, చోటు మాత్రం తగ్గుతుంది. పాటల సీడీ నిమిషానికి పది మెగాబైట్ల పైచిలుకు, ఫ్లాక్‌లో దాదాపు సగం. గంట సీడీకి 350 మెగాబైట్లు వేసుకున్నా మీ మూడు వందలకు వంద గిగాబైట్ల పైన కాస్త. పాత మోనో పాటలకు ఇంకా తక్కువే పడుతుంది, రెండు వైపులా ఒకే ధ్వని కదా. ఫోన్‌కూ కారుకూ కావాలంటే ఫ్లాక్ నుంచి ఎంపీ3 ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఎంపీ3లో పోయిన ధ్వని మాత్రం తిరిగి రాదు. పాత కారు సెట్లు తెలుగు చూపించవు: డబ్బాలు కనిపిస్తే దాంట్లో తెలుగు ఫాంటు లేదని, ప్రశ్నార్థకాలు కనిపిస్తే అక్షరాల సంకేతం అర్థం కాలేదని. కారు కోసం చేసే ఎంపీ3ల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టండి, అసలు ప్రతి తెలుగులోనే ఉండనివ్వండి.

ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో సెక్యూర్ పద్ధతి ఎంచుకోండి. ప్రతి ముక్కనూ కనీసం రెండుసార్లు చదివి పోల్చుతుంది, అనుమానం వస్తే 82 సార్ల దాకా మళ్లీ చదువుతుంది. మీ ప్రతి సరిగ్గా వచ్చిందో లేదో ఇతరుల ప్రతులతో పోల్చే యాక్యురేట్‌రిప్ సౌకర్యం ఉంది గానీ తెలుగు సీడీలకు ఎక్కువసార్లు ‘జాబితాలో లేదు’ అంటుంది. గాబరా పడకండి. ‘టెస్ట్ అండ్ కాపీ’ వాడితే సీడీని రెండుసార్లు చదివి రెండు లెక్కలూ చూపిస్తుంది, అవి ఒకటే అయితే ప్రతి బాగున్నట్టే. సీడీ మురికిగా ఉంటే మెత్తటి నూలు గుడ్డతో మధ్యలోంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. పైన అచ్చు ఉన్న వైపు గీతలే ఎక్కువ ప్రమాదం, ధ్వని ఉన్న పొర ఆ రంగుకు సరిగ్గా కిందే ఉంటుంది.

అన్నిటికంటే ముందు చేయాల్సినవి ఇంట్లో రాసిన సీడీలు. తిప్పి చూస్తే అడుగు వెండిలా కాక లేత ఆకుపచ్చ, నీలం లేదా ఊదా ఛాయలో ఉంటుంది. కంపెనీ సీడీలో గుంటలు అచ్చేసి ఉంటాయి, వీటిలో రంగు పొర మీద కాంతితో రాసి ఉంటుంది. ఎండకూ వేడికీ ఆ రంగు పాడవుతుంది. మన రోహిణీకార్తె ఎండల్లో కిటికీ పక్క అలమారలో ఇరవై ఏళ్లున్నవి చదవకపోవడం నాకు మామూలే. మీద అంటించిన కాగితం లేబుల్ ఊడుతుంటే పీకకండి, కింది పొర దాంతో వచ్చేస్తుంది. వీటికి అట్ట ఉండదు, ఏ జాబితాలోనూ పేర్లు ఉండవు, మార్కర్‌తో రాసిన ఒక మాటే దిక్కు. కంపెనీ సీడీ పాడైతే ఇంకొకరి దగ్గర దొరకొచ్చు, ఇవి మీ ఇంట్లో తప్ప ఎక్కడా లేవు.

వీటికి పేర్లు పెట్టాలంటే నాన్నగారు పక్కన ఉండాలి. ఎవరు పాడారు, ఎవరింట్లో, ఏ ఊళ్లో, మృదంగం ఎవరు, ఆయనకే తెలుసు. పాట పెట్టి ఆయన చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి, తర్వాత తీరిగ్గా టైపు చేయొచ్చు. రోజుకు ఒక సీడీ చాలు, ఎక్కువైతే అలసిపోతారు.

ప్రతి సీడీ అట్టను ముందూ వెనకా, లోపలి కాగితంతో సహా ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. పని ముగిశాక రెండు హార్డ్‌డిస్కుల్లో కాపీలు తీసి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. ఇవన్నీ మీ ఇంటి వాడకానికే, యూట్యూబ్‌లో పెట్టడం, ఇంకొకరికి అమ్మడం వద్దు. ఓపిక ఉంటే, సరిచేసిన పేర్లను మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో చేర్చండి. తెలుగు లిపిలోనే చేర్చవచ్చు. అదే సీడీ ఉన్న తెనాలిలోనో అమెరికాలోనో ఇంకొకరికి ‘ట్రాక్ 01’ బదులు పాట పేరు కనిపిస్తుంది. నేను రాత్రి భోజనమయ్యాక రెండేసి సీడీల చొప్పున చేరుస్తుంటాను.

మీరు రాసిన ఆ రెండు సినిమాల సీడీ, వేరే పేర్లు వస్తున్నది, దాని వెనక అట్ట ఫోటో ఒకటి పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే పాటల నిడివులు కూడా వరుసగా నిమిషాలు, సెకన్లతో రాయండి. నా దగ్గర ఆ సీడీ ఉంటే పోల్చి, ఏ ట్రాకు ఏ పాటో చెబుతాను.